దవడ నొప్పి: డాక్టరు గారికంటే ముందు అడిగే ప్రశ్నలు

"చెవిలో పోటు సిస్టరమ్మా" అంటూ ఒక పెద్దమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని మా ఓపీకి వచ్చింది. చెవిలో ఏ దోషమూ లేదు. అంతకు ముందే వేరే చోట వెనక పన్ను ఒకటి తీయించుకుంది, అయినా నొప్పి తగ్గలేదు. చివరకు తేలిందేమిటంటే, ఆ నొప్పి చెవిదీ కాదు, పన్నుదీ కాదు. దవడ కీలుది.

మీ చెవికి సరిగ్గా ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేదే ఆ కీలు. దాని మధ్యలో మెత్తని పలక ఒకటి ఉంటుంది. ఆ పలక జరిగినా, నమిలే కండరాలు బిగుసుకున్నా, నొప్పి చెవికి, కణతకు, పళ్ళకు పాకుతుంది. కండరాల నొప్పి ఎక్స్‌రేలో కనబడదు. అందుకే ముందుగా ప్రశ్నల కాగితం ఇస్తారు.

స్వీడన్‌లోని వెస్టర్‌బోటెన్ ప్రాంతపు ప్రభుత్వ దంత వైద్యశాలల్లో 2010లో మూడే ప్రశ్నలు మొదలుపెట్టారు. కణత, ముఖం, దవడలో వారానికి ఒకసారైనా నొప్పి వస్తోందా? నోరు తెరిచినా, నమిలినా నొప్పి ఉందా? వారానికి ఒకసారైనా దవడ పట్టేస్తోందా? ఒక్కదానికి "అవును" అన్నా ఇంకా పరీక్ష చేయించాలన్నమాట. బ్రెజిల్‌లో ఫోన్సెకా అనే వైద్యుడు, ఆయన సహచరులు 1994లో ప్రచురించిన కాగితంలో 10 ప్రశ్నలుంటాయి. తలనొప్పి, మెడ నొప్పి, పళ్ళు కొరికే అలవాటు కూడా అందులో అడుగుతారు. "అవును"కు 10, "అప్పుడప్పుడు"కు 5, "లేదు"కు 0 మార్కులు. 15 వరకు ఫరవాలేదు, 20 నుంచి 40 స్వల్పం, 45 నుంచి 65 మధ్యస్థం, 70, ఆపైన వస్తే తీవ్రం.

కాగితం చిన్నదే, కానీ దాన్ని పాడుచేసేది తరచుగా మనమే. ఆ పెద్దమ్మ నోరు తెరవకముందే కూతురు అన్నిటికీ "లేదు, లేదు" అని చెప్పేసింది. తర్వాత పెద్దమ్మనే విడిగా అడిగితే, జొన్నరొట్టె నమలలేక ఆరు నెలలుగా పాలలో నానబెట్టుకుని తింటున్నానంది. ఇంట్లో ఎవరూ గమనించలేదు. మన ఆడవాళ్ళు "అదేముందిలే" అని సరిపెట్టుకుంటారు. ఆ "అప్పుడప్పుడు"కు కూడా 5 మార్కులున్నాయని మరచిపోకండి. చదవడం రాని వారికి ప్రశ్న చదివి వినిపించండి, జవాబు వారినే చెప్పనివ్వండి. ఒక్క విషయం మాత్రం మీరే చెప్పాలి: నిద్రలో పళ్ళు కొరికేవారికి ఆ సంగతి తెలియదు, పక్కన పడుకున్నవారికే వినబడుతుంది.

మార్కులు ఎక్కువ వచ్చాయని బెంగపడకండి. కాగితం అనుమానాన్ని చెబుతుందే గాని జబ్బును నిర్ధారించదు. డాక్టరు గారు కండరాలు నొక్కి చూసి, నోరు ఎంత తెరుచుకుంటుందో కొలిచాకే నిర్ణయిస్తారు. నొప్పి లేకుండా టక్కుమనే శబ్దం మాత్రమే ఉంటే సాధారణంగా వైద్యం అవసరం లేదు. త్వరగా కనిపెడితే చాలామందికి మెత్తని తిండి, వేడి కాపడం, దవడ వ్యాయామాలు, కొద్దిరోజుల మందులతోనే తగ్గుతుంది. ఆపరేషన్ దాకా వెళ్ళేవారు తక్కువ.

కొన్నిటికి మాత్రం ఈ కాగితం కోసం ఆగకూడదు. గుట్కా, వక్క నమిలేవారికి నోట్లో మంటగా ఉండి, మూడు వేళ్ళు నిలువుగా పట్టనంతగా నోరు బిగుసుకుపోతే అది వేరే జబ్బు కావచ్చు, క్యాన్సర్‌కు దారితీయగలదు. మెట్లెక్కుతుంటే దవడ లాగి, చెమటలు, ఆయాసం వస్తే గుండె జబ్బేమో, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకురండి. 50 ఏళ్ళు దాటినవారికి కొత్తగా కణత నొప్పి వచ్చి, నములుతుంటే దవడ అలసిపోయి, చూపు మసకబారితే ఆ రోజే చూపించాలి.

ఓపీకి వచ్చేటప్పుడు నొప్పి ఏ వైపు, ఎప్పటి నుంచి, ఏది తింటే పెరుగుతోంది అని ఒక చీటీ మీద రాసుకుని రండి. ఇప్పటిదాకా వాడిన మాత్రల అట్టలు కూడా తీసుకురండి.