కారు కింద పనికి జాకీ స్టాండుల ఎంపిక

శ్రీనగర్ నుండి కన్యాకుమారి వరకు సాగే 44వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదు, కర్నూలు, అనంతపురం, బెంగళూరు, సేలం, మదురైలను దాటి విరుదునగర్‌కు వస్తుంది. అక్కడి నుండి సాత్తూరు మీదుగా సుమారు 50 కిలోమీటర్లు సాగి కోవిల్‌పట్టికి చేరుతుంది. ఈ రెండు పట్టణాలలోని తెలుగు కుటుంబాలలో శతాబ్దాల క్రితం వచ్చి స్థిరపడినవి ఉన్నాయి, నిన్న మొన్న ఉపాధి కోసం ఇదే దారిన వచ్చినవీ ఉన్నాయి. బాడుగ కారు నడిపేవారు, అగ్గిపెట్టెల కట్టలనో వేరుశనగ మిఠాయి పెట్టెలనో మోసే టాటా ఏస్ బండి మీద బతికేవారు వీరిలో అనేకులు. ఏస్ బండిని తమిళనాట ‘కుట్టియానై’ అంటారు, అంటే పిల్ల ఏనుగు. ఇటువంటి బండి గల యజమాని ఆదివారం ఉదయం ఇంటి ముందే ఆయిలు మార్చుకోవడం, సైలెన్సరు బిగించుకోవడం కద్దు. కూలి మిగులుతుంది, బండి సంగతీ తెలుస్తుంది. అయితే ఆ అరగంటలో ఆయన ఛాతీకి పైన వేలాడే బరువు దేని మీద నిలిచి ఉన్నదన్నది ముందు తేల్చుకోవలసిన విషయం.

జాకీ ఎత్తడానికి చేసిన పనిముట్టు. ఎత్తిన దానిని నిలిపి ఉంచే పని దానిది కాదు. నూనె జాకీ లోపల బరువును మోసేది నూనె. ఆ నూనెను ఆపి ఉంచేవి ఒక చిన్న వలయం, ఒక చిన్న కవాటం. వలయానికి గీత పడినా, కవాటం కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా బరువు నెమ్మదిగానో ఒక్కసారిగానో దిగిపోతుంది. బయటి నుండి చూస్తే ఏమీ కనబడదు. కారుతో పాటు డిక్కీలో వచ్చే కత్తెర జాకీ చక్రం మార్చడానికి మాత్రమే. దాని అడుగు అరచేతి కన్నా ఎంతో పెద్దది కాదు. దాని మీద నిలిచిన కారు కిందికి తల గానీ చేయి గానీ పెట్టడం ఎంత మాత్రం తగదు. కింద పని ఉంటే జాకీతో ఎత్తి, రెండు స్టాండుల మీదికి దించి, ఆ తరువాతనే లోపలికి వెళ్ళాలి.

స్టాండు కొనేటప్పుడు మొదట చూడవలసింది దాని మీద ముద్రించిన బరువు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొందరు తయారీదారులు ఒక్కొక్క స్టాండు మోయగల బరువును రాస్తారు, కొందరు జత మొత్తం మోయగల బరువును రాస్తారు. పెట్టె మీద ‘3 టన్నులు’ అని చూసి రెండూ కలిసి ఆరు మోస్తాయని అనుకుంటే లెక్క సగానికి సగం తప్పవచ్చు. దుకాణంలో తమిళంలో అడగవలసిన మాట ఇది: “ఇదు ఎత్తనై టన్ తాంగుం? ఒరు స్టాండుక్కా, జోడిక్కా?” అంటే ఎన్ని టన్నులు మోస్తుంది, ఒక్కదానికా జతకా అని. దిగుమతి సరుకులో ఇంకొక మెలిక ఉంది. అమెరికా టన్ను మన వెయ్యి కిలోల టన్ను కాదు, సుమారు 907 కిలోలు. కనుక టన్నుల అంకెను వదిలి కిలోల అంకెను చదవడం మేలు.

ఎంత బరువు కావాలి? ఆల్టో వంటి చిన్న కారు సుమారు ముప్పావు టన్ను ఉంటుంది. ఇన్నోవా క్రిస్టా రెండు టన్నులకు కొంత తక్కువ. కుట్టియానై సరుకుతో కలిపి సుమారు ఒకటిన్నర టన్ను తూగుతుంది. ఎత్తేది ఒక వైపే కనుక సగం బరువుకు తగిన జత చాలుననిపిస్తుంది. కానీ బిగుసుకుపోయిన బోల్టును పెద్ద స్పానరుతో లాగినప్పుడు బరువు ఒక స్టాండు నుండి మరొక దాని మీదికి ఒరుగుతుంది. అందుచేత జత మోయగల బరువు బండి మొత్తం బరువుకు తగ్గరాదు, ఎక్కువ ఉంటే ఇంకా మంచిది. ఏస్ బండిని ఎత్తే ముందు సరుకు దించివేయాలన్నది వేరుగా చెప్పనక్కరలేదు.

స్టాండులలో అంగళ్ళలో ఎక్కువగా దొరికేవి రెండు రకాలు. ఒకదానిలో పళ్ళుగల కడ్డీ పైకి జరుగుతుంది, ఇనుప నాలుక ఒకటి పంటికి ఆని దానిని ఆపుతుంది. ఎత్తు మార్చడం సులువు, కానీ పట్టు అంతా ఆ నాలుక మీదే ఉంటుంది. రెండవ దానిలో గొట్టంలో గొట్టం జరుగుతుంది, రంధ్రాలలో అడ్డంగా దూర్చిన పిన్ను బరువు మోస్తుంది. ఎత్తును అంగుళాల చొప్పున మాత్రమే మార్చగలం, కానీ పిన్ను పూర్తిగా దూరిందో లేదో కంటితో చూసి చెప్పవచ్చు. పళ్ళ రకాన్నే కొనదలచినవారు నాలుకతో పాటు అదనంగా అడ్డపిన్ను కూడా ఉన్నదానిని ఎంచుకోవడం మంచిది.

ఈ జాగ్రత్త అతిశయం కాదు. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రెయిట్ అనే పనిముట్ల విక్రయ సంస్థ తాను అమ్మిన 3 టన్నుల, 6 టన్నుల స్టాండులను వెనక్కి పిలిచింది. వాటి సంఖ్య 17 లక్షలు దాటింది. తయారీలో వాడిన అచ్చులు అరిగిపోవడం వల్ల కొన్నింటిలో పళ్ళకూ నాలుకకూ మధ్య చాలినంత పట్టు లేకపోయింది. బరువు కదిలితే స్టాండు దిగజారే ప్రమాదం ఉందని సంస్థే ప్రకటించింది. అదే ఏడాది, బదులుగా ఇచ్చిన కొత్త నమూనాలో కూడా వెల్డింగు లోపం బయటపడి, దానినీ వెనక్కి తీసుకున్నారు. పెట్టె కొత్తది, ముద్ర స్పష్టంగా ఉంది అన్నంత మాత్రాన పరీక్ష మానరాదు.

ఇక నేల సంగతి. కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాలవారికి ఇదే ముఖ్యం. ఇక్కడిది నల్లరేగడి, తమిళంలో కరిసల్. భూగోళ పాఠాలలో కనిపించే ‘రేగర్’ అనే పేరు మన రేగడి మాట నుండి పుట్టినదే. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టి, ఇంట తెలుగు మాట్లాడుతూ తమిళంలో రచనలు చేసిన కి. రాజనారాయణన్ కథలకు ఆధారం ఈ నేలే. కథకు ఎంత సారవంతమో స్టాండుకు అంత నమ్మరానిది. ఈ మట్టిలోని బంక ఖనిజం నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి బీటలు వారుతుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు మెత్తబడి కాలు దిగబడుతుంది. మే నెలలో రాయిలా గట్టిగా కనబడుతుంది, కానీ ఆ పెళ్ళ కింద బీట ఉండవచ్చు.

ఒక చిన్న లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. కారు టైరులో గాలి సుమారు 32 పౌండ్ల పీడనంతో ఉంటుంది, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు రెండుంబావు కిలోలు. టైరు నేలను నొక్కే ఒత్తిడి కూడా ఇంచుమించు అంతే. నాలుగు పాదాలూ కలిసి 40 చదరపు సెంటీమీటర్లు మాత్రమే నేలను తాకే స్టాండు మీద 400 కిలోలు పడితే, చదరపు సెంటీమీటరుకు పది కిలోల ఒత్తిడి పడుతుంది. కారు నాలుగు చక్రాల మీద నిక్షేపంగా నిలిచిన చోటనే స్టాండు దిగబడడానికి కారణం ఇది. అదే స్టాండు కింద 30 సెంటీమీటర్ల చదరపు పలక, వంగనంత మందమైనది, వేస్తే ఒత్తిడి అరకిలో కన్నా తగ్గుతుంది. రెండు పొరల మందపాటి ప్లైవుడ్డు గానీ ఇనుప రేకు ముక్క గానీ ఇందుకు పనికివస్తుంది. అయినా తడిసిన రేగడి మీద పలక వేసి పని సాగించడం సరికాదు, ఒక పాదం కింద మాత్రమే మట్టి జారితే పలక కూడా ఒరుగుతుంది. వానాకాలంలో కాంక్రీటు నేల ఉన్న చోటు వెతుక్కోవలసిందే.

వీధిలో కూడా గట్టిగా కనిపించేవన్నీ గట్టివి కావు. మండుటెండలో తారు మెత్తబడి పాదం అంచు దానిలోకి దిగుతుంది. పేవర్ బ్లాకులు ఇసుక పరుపు మీద పేర్చినవి, ఒక్క బ్లాకు మీద బరువంతా పడితే అది కుంగవచ్చు. ఇంటి ముందు మురుగు కాలువ మీద పరచిన పలకలు మనుషుల నడక కోసం వేసినవి, వాటి మీద స్టాండు నిలపనే కూడదు. అడుగు విషయంలో కూడా ఇదే చూపుతో ఎంచుకోవాలి. కోణపు కడ్డీ అంచు కత్తిలా నేలకు ఆనే స్టాండు కన్నా, పాదాలకు చదునైన పలకలు వెల్డింగు చేసిన స్టాండు మనకు నయం. కాళ్ళు వెడల్పుగా పరచుకొని ఉండాలి. స్టాండును ఎంత తక్కువ ఎత్తులో వాడితే అంత నిలకడ. స్టాండు నలిగిపోతుందేమో అన్న భయం కన్నా, పక్కకు ఒరుగుతుందేమో అన్న భయం ముందుండాలి.

స్థానిక పట్టరైలో చెప్పి చేయించుకునేవారు కూడా ఉన్నారు. పనివాని నైపుణ్యాన్ని శంకించనక్కరలేదు, కానీ బరువు అంకె లేని స్టాండు అది. తప్పనిసరైతే గొట్టం మందం, చుట్టూ ఖాళీ లేకుండా సాగిన వెల్డింగు, రంధ్రానికి సరిపోయే ఉక్కు పిన్ను ఉన్నాయో చూడాలి. పిన్నుకు బదులు కట్టడపు కమ్మీ ముక్క దూర్చడం తరచుగా జరిగే పొరపాటు. ఇటుకలు, హాలో బ్లాకులు, రాళ్ళు అసలు స్టాండులే కావు. గోడలో వరుసగా పేర్చి, బరువు సమానంగా పరచుకున్నప్పుడు హాలో బ్లాకు బలమైనదే. కారు అంచు ఒక్క చోట నొక్కితే అది వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా పగులుతుంది.

ఎత్తే ముందు చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టాలి. చేతిబ్రేకు వేశాం, గేరులో ఉంచాం, ఇంకేమిటని అడిగేవారికి జవాబు ఇది: చాలా కార్లలో చేతిబ్రేకు పట్టేది వెనుక చక్రాలను, చిన్న కార్లలో గేరు ఆపేది ముందు చక్రాలను. ముందు భాగం ఎత్తితే గేరు పట్టు పోతుంది, వెనుక భాగం ఎత్తితే చేతిబ్రేకు పట్టు పోతుంది. కుట్టియానైలో ఈ రెండు పట్లూ వెనుక చక్రాల మీదే. దాని వెనుక భాగాన్ని ఎత్తితే నేల మీద మిగిలిన ముందు చక్రాలను ఆపేది దిమ్మలు తప్ప మరేదీ లేదు. ట్రాలీ జాకీ వాడేవారు మరొకటి గమనించాలి. అది పైకి లేస్తూ కొద్దిగా ముందుకు దొర్లుతుంది. గరుకు నేల మీద దాని చక్రాలు కదలకపోతే అది కారునే పక్కకు లాగుతుంది.

స్టాండు ఆనవలసిన చోటు ఏదో బండి పుస్తకంలో బొమ్మతో చూపి ఉంటుంది. చిన్న కార్లలో సాధారణంగా తలుపు కింది అంచున, ముందు చక్రం వెనుక, వెనుక చక్రం ముందు గుర్తులు ఉంటాయి. ఆ రేకు అంచు నలగకుండా గాడి ఉన్న రబ్బరు దిమ్మను స్టాండు తల మీద ఉంచవచ్చు. ఇంజను ఆయిలు తొట్టి కింద గానీ పైపుల కింద గానీ ఆనించరాదు. రెండు స్టాండులూ ఒకే ఎత్తులో ఉండాలి. కారును నెమ్మదిగా వాటి మీదికి దించిన తరువాత, పక్కన నిలబడి రెండు చేతులతో గట్టిగా ఊపి చూడాలి. కదిలితే మళ్ళీ ఎత్తి సరిచేయాలి. ఊపడానికి సంకోచించేంత అనుమానం ఉంటే కిందికి వెళ్ళే ఆలోచనే మానాలి. జాకీని తీసివేయకుండా తాకీ తాకనట్లు కిందనే ఉంచడం, విప్పిన చక్రాన్ని అంచు కింద పడవేయడం రెండవ కాపు. పని జరిగినంతసేపూ ఇంట్లోవారు ఒకరు మాట వినబడే దూరంలో ఉండాలి, పిల్లలను బండి దగ్గరికి రానీయరాదు. తీసిన ఆయిలును డబ్బాలో పట్టి మెకానిక్కు అప్పగించాలి, కాలువలో పోయరాదు.

రహదారి అంచున టైరు పంచరైనప్పుడు స్టాండులు తీసే ప్రయత్నం వద్దు. కుదిరితే సర్వీసు రోడ్డులోకి మళ్ళించి చక్రం మాత్రం మార్చుకోవాలి, కింద పని ఉంటే బండిని లాగించుకుపోవాలి. జాతీయ రహదారుల సహాయ నంబరు 1033.

ఎవరైనా కారు కింద చిక్కుకుంటే కాళ్ళు పట్టి లాగరాదు. ఒకరు ఫోను చేస్తుండగా మరొకరు జాకీతో బండిని ఎత్తి, గట్టి ఆధారం పెట్టి, ఆ తరువాతనే బయటికి తీయాలి. పైకి దెబ్బ కనబడకపోయినా లోపలి గాయం ఉండవచ్చు కనుక ఆసుపత్రికి తప్పక తీసుకుపోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వలెనే తమిళనాట కూడా అంబులెన్సుకు 108. వీధి పేరు, దగ్గరి గుర్తు, రహదారి అయితే కిలోమీటరు రాతి మీది అంకె చెప్పాలి. తమిళం అంతగా రానివారు ఈ ఒక్క వాక్యం పలికితే సరిపోతుంది: “కారుక్కు అడియిల ఆళ్ మాట్టిక్కిట్టార్.” కారు కింద మనిషి చిక్కుకున్నాడని దీని అర్థం.