కరెంటు లేనపుడు ఇంటిలో జనరేటరు: సున్నితమైన పరికరములను కాపాడుకొనుట

అక్టోబరు, నవంబరు నెలలు వచ్చినవంటే కోస్తా జిల్లాల రైతు ఒక కన్ను పైరు మీద, ఒక కన్ను ఆకాశము మీద ఉంచును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నము వద్ద తీరము దాటినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో పలాస సమీపమున తీరము దాటినది. ఆ రెండు పర్యాయములు స్తంభములు కూలి, తీగలు తెగి, అనేక గ్రామములు రోజుల తరబడి చీకటిలో ఉండిపోయినవి.

ఇటువంటి రోజులకై కొందరు చిన్న పెట్రోలు జనరేటరు కొని ఉంచుకొనుచున్నారు. కొందరు పెండ్లి పందిళ్ళకు ఇచ్చు జనరేటరును అద్దెకు తెచ్చుకొందురు. మరికొందరు ట్రాక్టరుకు ఆల్టర్నేటరు బిగించుకొందురు. దీపము వెలిగినది గదా అని ఫ్రిజ్, టీవీ, సెల్‌ఫోను ఛార్జర్లు అన్నియు ఒక్కసారి తగిలించుదురు. మరునాటికి టీవీ పలుకదు, ఫ్రిజ్ మూలుగుచుండును. "జనరేటరు మంచిది కాదు" అని తీర్మానించుకొందురు. పెక్కుసార్లు లోపము యంత్రములో లేదు, వాడిన పద్ధతిలో ఉన్నది. ఆ పద్ధతి ఏమిటో, అందులో ప్రాణాపాయము ఎక్కడ పొంచి ఉన్నదో ఈ వ్యాసములో తెలిసికొందము.

లైను కరెంటుకు, జనరేటరు కరెంటుకు భేదము

లైను కరెంటు పెద్ద చెరువు వంటిది. మీరు ఒక బిందె ముంచినంత మాత్రమున నీటిమట్టము తగ్గదు. జనరేటరు ఒంటెద్దు బండి వంటిది. బరువు పెరిగిన ఎద్దు నెమ్మదించును. బరువు ఒక్కసారి దింపిన బండి ముందుకు ఉరుకును.

మన దేశములో ఇండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులు, సెకండుకు 50 సైకిళ్ళు. రెండు ధ్రువముల చిన్న జనరేటరు నిమిషమునకు 3,000 చుట్లు తిరిగినపుడే 50 సైకిళ్ళు వచ్చును. నాలుగు ధ్రువముల దానికి 1,500 చుట్లు చాలును. ఇంజను వేగము తగ్గిన సైకిళ్ళు తగ్గును, సాధారణముగా వోల్టేజి కూడ తగ్గును. పెద్ద లోడు ఒక్కసారి తొలగిన ఇంజను సర్దుకొనులోపల వోల్టేజి ఎగిరిపడును. ఆ ఎగురుట రెప్పపాటు కాలమే గాని, టీవీలోని సన్నని భాగములు మాడుటకు అంత కాలము చాలును.

అన్ని పరికరములకు ఒకే భయము లేదు. పాతకాలపు తీగ బల్బు, ఇస్త్రీపెట్టె ఈ ఒడుదుడుకులను చాల వరకు ఓర్చుకొనును. ఫ్రిజ్, మోటారు మొదలగువానికి తక్కువ వోల్టేజి చేటు. అవి తిరుగలేక మూలుగుచు, ఎక్కువ కరెంటు లాగి, చుట్టలు కాల్చుకొనును. టీవీ, కంప్యూటరు, ఇంటర్నెట్ పెట్టె, ఎల్.ఇ.డి. దీపములకు ఎక్కువ వోల్టేజి, హఠాత్తుగా వచ్చు ఎగురుడు చేటు. సెల్‌ఫోను ఛార్జర్ల మీద 100 నుండి 240 వోల్టులని తరచు వ్రాసి ఉండును. అనగా వోల్టేజి తగ్గినను అవి పనిచేయును, ఎగిరిన మాత్రము కాలిపోవచ్చును.

ఎటువంటి జనరేటరు మేలు

టీవీ, కంప్యూటరు, వైద్య పరికరములు నడుపదలచినవారు ఇన్వర్టరు రకపు జనరేటరు కొనుట శ్రేయస్కరము. ఇందులో ఇంజను ఇచ్చిన కరెంటును ముందు డి.సి.గా మార్చి, తిరిగి శుభ్రమైన 50 సైకిళ్ళ ఎ.సి.గా తయారుచేయుదురు. కనుక ఇంజను వేగము మారినను కరెంటు నిలకడగా ఉండును. ధర ఎక్కువే. సాధారణ రకము కొనువారు వోల్టేజిని సరిచేయు ఎ.వి.ఆర్. అమర్చినది అడిగి తీసికొనవలెను.

లోడు లెక్క

జనరేటరు మీద 2 కె.వి.ఎ. అని ఉన్న 2,000 వాట్లు వచ్చునని భ్రమపడరాదు. సాధారణముగా అందులో 0.8 వంతు, అనగా 1,600 వాట్లు వచ్చును. ఎడతెగక నడుపునపుడు ముప్పాతిక వంతు, అనగా 1,200 వాట్లకు మించకుండుట మంచిది.

ఒక ఇంటిలో రెండు ఫాన్లు 150 వాట్లు, నాలుగు ఎల్.ఇ.డి. దీపములు 36, టీవీ 80, నాలుగు ఛార్జర్లు 40, ఫ్రిజ్ 150 అనుకొందము. మొత్తము 456 వాట్లు. చాల తక్కువగనే కనిపించును. కాని మోటారు బయలుదేరునపుడు నడకలో లాగుదాని కంటె ఐదారు రెట్లు కరెంటు లాగును. 150 వాట్ల ఫ్రిజ్ ఆ క్షణమున 900 వాట్లు అడుగవచ్చును. దీనిని మన జనరేటరు మోయును. అదే సమయమున అర హెచ్.పి. నీళ్ళ మోటారు వేసిన 3,000 వాట్ల వరకు అడుగును. ఇంజను కుంగిపోవును, దానితోపాటు ఫ్రిజ్, టీవీ రెండును దెబ్బతినును. కావున మోటారు నడుపునపుడు సున్నితమైన పరికరములన్నియు విప్పి ఉంచవలెను. ఇస్త్రీపెట్టె, గీజరు జనరేటరు మీద పెట్టనే కూడదు.

నడుపు క్రమము

1. ఏ పరికరమును తగిలించక ముందే ఇంజను స్టార్టు చేసి, మూడు నాలుగు నిమిషములు వేడెక్కనీయవలెను.

2. ముందుగా 100 వాట్ల తీగ బల్బు ఒకటి వెలిగించవలెను. అది జనరేటరుకు నిలకడైన లోడుగా ఉండును, మీకు సాక్షిగాను ఉండును. బల్బు కొట్టుకొనుచున్న, మితిమీరి తెల్లగా వెలుగుచున్న వేరే పరికరము తగిలించకూడదు.

3. వోల్టుమీటరుతో చూచుకొనవలెను. 216 నుండి 244 వోల్టుల మధ్య ఉన్న దిగులు లేదు. మీటరు వెల టీవీ మరమ్మతుతో పోల్చిన స్వల్పము.

4. పిమ్మట ఫ్రిజ్ వేయవలెను. అది బయలుదేరి నిలకడపడిన తరువాత ఫాన్లు, దీపములు, చివరకు టీవీ, ఛార్జర్లు. ఫ్రిజ్ ఆగిన వెంటనే తిరిగి వేయక, ఐదు నిమిషములు ఆగవలెను.

5. ఆపునపుడు ఇందుకు విరుద్ధ క్రమము. పరికరములన్నియు విప్పిన తరువాతనే ఇంజను ఆపవలెను. పెట్రోలు అయిపోయి ఇంజను తనంతట తాను ఆగువరకు నడుపరాదు. చివరి నిమిషములలో వోల్టేజి పైకి క్రిందికి ఊగును.

ట్రాక్టరుతో ఆల్టర్నేటరు నడుపువారు రేజు మీద ప్రత్యేక దృష్టి ఉంచవలెను. ఎవరో తెలియక లీవరు పెంచిన, ఇంటిలోని పరికరములన్నిటి ప్రాణము ఆ లీవరు మీద ఉన్నట్లే.

తీగలు, న్యూట్రలు

సన్నని తీగ మంచి జనరేటరును కూడ చెడ్డదిగా చేయును. 30 మీటర్ల పొడవున 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ వేసి 10 ఆంపియర్లు లాగిన, సుమారు 11 వోల్టులు తీగలోనే పోవును. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసిన నాలుగైదు వోల్టులే పోవును. తీగ చుట్టను పూర్తిగా విప్పి పరచవలెను. చుట్టగా ఉన్న వేడెక్కి కాలును.

అద్దెకు తెచ్చిన త్రీఫేజు జనరేటరు విషయమున ఇంకొక ముప్పు గలదు. దాని న్యూట్రలు తీగ వదులైన లేక ఊడిన, ఒక ఫేజులోని పరికరములకు 230కి బదులు 400 వోల్టుల దాక చేరవచ్చును. వీధిలోని నాలుగు ఇండ్ల టీవీలు ఒక్కసారి పోవుటకు తరచు కారణమిదే. న్యూట్రలు బిగింపు, ఎర్తు లైసెన్సు గల ఎలక్ట్రీషియను చూచిన తరువాతనే స్విచ్ వేయవలెను.

మందులు, రోగులు

ఫ్రిజ్‌ను రేయింబవళ్ళు నడుపనక్కరలేదు. తలుపు తీయకున్న నాలుగు గంటల వరకు చల్లదనము నిలుచును. కావున మూడు నాలుగు గంటలకొకసారి జనరేటరు వేసి, మరల చల్లబడువరకు నడిపిన చాలును. విప్పని ఇన్సులిను 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడులో ఉండవలెను, గడ్డకట్టరాదు. పశువుల టీకామందులకును ఇదే చల్లదనము సాధారణముగా అవసరము. ఆక్సిజను యంత్రము మీద ఆధారపడిన రోగి ఉన్న ఇంటివారు జనరేటరు ఒక్కదానినే నమ్ముకొనక, నిండు సిలిండరు సిద్ధముగా ఉంచుకొనవలెను.

ప్రాణాపాయము రెండు చోట్ల

ఇంతవరకు చెప్పినది వస్తువుల సంగతి. పోయిన టీవీని మరల కొనవచ్చును. ఈ క్రింది రెండు విషయములలో పొరపాటు జరిగిన దిద్దుకొను అవకాశము లేదు.

మొదటిది పొగ. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అను వాయువు గలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములో ప్రాణవాయువుకు చోటు లేకుండ అది అతుక్కొనును. తలనొప్పి, వికారము, మగత వచ్చి, నిద్రలోనే మనిషి పోవును. వాన పడుచున్నదని, దొంగల భయమని జనరేటరును వరండాలో, వసారాలో, పశువుల కొట్టములో పెట్టుట మృత్యువును పిలుచుటయే. కిటికీలు తెరచి ఉంచినను చాలదు. ఇంటికి కనీసము 20 అడుగుల దూరమున, పొగగొట్టము ఇంటివైపు గాక బయటివైపు ఉండునట్లు, అన్ని ప్రక్కల తెరపిగా ఉన్న రేకు నీడన పెట్టవలెను. ఇంజను చల్లారిన తరువాతనే పెట్రోలు పోయవలెను.

రెండవది వెనుకకు పోవు కరెంటు. కొందరు రెండు వైపుల పిన్నులున్న తీగతో జనరేటరు కరెంటును గోడ ప్లగ్గులోనికి ఎక్కించుదురు. అది ఇంటిలో నిలువక సర్వీసు తీగ వెంట ట్రాన్స్‌ఫార్మరును చేరును. 11,000 వోల్టులను 433కు తగ్గించు ఆ ట్రాన్స్‌ఫార్మరే, వెనుకనుండి వచ్చిన కరెంటును వేల వోల్టులకు పెంచును. లైను చచ్చినదని నమ్మి, మన ఊరికి వెలుగు తెచ్చుటకు వానలో స్తంభమెక్కిన లైన్‌మన్ ఆ తీగను పట్టుకొనును. ఆయనకును భార్యాబిడ్డలున్నారు. లైను కరెంటు హఠాత్తుగా వచ్చిన మీ జనరేటరు కూడ మాడిపోవును.

దీనికి మార్గము సులభము. ఫేజును, న్యూట్రలును రెండింటిని మార్చు ఛేంజోవరు స్విచ్‌ను మీటరు తరువాత బిగించుకొనవలెను. అది లైనుకైన ఉండును, జనరేటరుకైన ఉండును, రెండింటికి ఒకేసారి ఉండదు. అది లేనివారు ఇంటి వైరింగును ముట్టక, పరికరములను జనరేటరు నుండి వేరు తీగతో నేరుగా నడుపుకొనవలెను.

గ్రామాధికారులు తుఫాను హెచ్చరిక రాగానే ఊరిలో ఎవరెవరికి జనరేటరు ఉన్నదో ఒక జాబితా వ్రాసి, లైను పని మొదలుపెట్టక ముందే లైన్‌మన్‌కు అందజేయుట మంచిది. రైతు సోదరులు తుఫాను వచ్చువరకు ఆగక, నెలకొకసారి జనరేటరును లోడుతో పావుగంట నడిపి చూచుకొనవలెను. అక్కర రోజున పనిచేయునదే సాధనము. ఛేంజోవరు స్విచ్ బిగింపు పని ఈ వారములోనే ముగించుకొనుడు.