ఫైలు కళ్ళెదుటే ఉంది, మరి లేదంటుందేం?

మా అన్నయ్య కూతురు ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతోంది. ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, “బాబాయ్, ఫైలు నా కళ్ళెదుటే ఉంది. ఇదేమో అలాంటి ఫైలే లేదంటోంది” అంది. ఏడుపొక్కటే తక్కువ. విండోస్ ల్యాప్‌టాప్‌లోనే లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకుని, అందులో ఉబుంటు వేసుకుంది. నోట్‌ప్యాడ్‌లో పది వరుసల బ్యాష్ స్క్రిప్టు రాసింది. అక్షరం తేడా లేకుండా అవే పది వరుసలు స్నేహితురాలి లినక్స్ కంప్యూటర్లో నడుస్తున్నాయి. తన దగ్గర మాత్రం “బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్, నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ” అని వస్తోంది. అప్పటికే ఉబుంటును రెండుసార్లు తీసేసి మళ్ళీ వేసిందట.

ఆ పిల్ల రెండు సాయంత్రాలు అలా పోగొట్టుకుందని వినగానే నాకు మనసు చివుక్కుమంది. తప్పు ఉబుంటులో లేదు, ఆమె రాసిన కోడ్‌లోనూ లేదు. మొదటి వరుస చివర కంటికి కనిపించని బైటు ఒకటి కూర్చుని ఉంది, అంతే.

యునిక్స్, విండోస్ వేర్వేరు ఇళ్ళలో పెరిగాయి. లినక్స్‌ది యునిక్స్ ఇల్లే. వరుస ఎక్కడ ముగుస్తుంది, ఫోల్డర్ల పేర్ల మధ్య ఏ గీత పెట్టాలి, ఒక అక్షరాన్ని ఎన్ని బైట్లలో రాయాలి అనే చిన్న చిన్న ఆచారాల్లో రెండింటికీ పొత్తు కుదరదు. 1995లో సిగ్నస్ సొల్యూషన్స్‌లో స్టీవ్ చాంబర్లేన్ మొదలుపెట్టిన సిగ్‌విన్, దాని పాయగా వచ్చిన ఎమ్‌సిస్, ఎమ్‌సిస్ మీద కట్టిన గిట్ బ్యాష్, 2016లో మైక్రోసాఫ్టే తెచ్చిన డబ్ల్యూఎస్ఎల్, ఇవన్నీ ఆ రెండిళ్ళ మధ్య వేసిన దారులు. ఏదైనా కమాండ్ మొరాయించినప్పుడు దాన్ని తీసేసి మళ్ళీ వేసే ముందు, ఈ దారి దాటేటప్పుడు నా ఫైలుకో, నేను టైపు చేసిన మాటకో ఏం మార్పు జరిగిందని అడగాలి. నేను చూసినంతలో సగానికి పైగా తిప్పలు ఆ ప్రశ్నతోనే తీరాయి.

ముందు ఆ కనిపించని బైటు సంగతి. కోర్టుల ముందు, తాలూకాఫీసుల ముందు చెట్ల కింద కూర్చునే టైపిస్టులు వరుస అయిపోగానే ఎడమచేత్తో ఒక లీవరును నెట్టేవారు, గుర్తుందా? ఆ ఒక్క తోపులో రెండు పనులున్నాయి. కాగితం ఒక వరుస పైకి జరుగుతుంది, క్యారేజీ మళ్ళీ మొదటికి వస్తుంది. టెలిటైపు యంత్రాల్లో ఈ రెండింటికీ రెండు వేర్వేరు సంకేతాలు ఉండేవి. క్యారేజీ వెనక్కి రావడానికి 13, కాగితం జరగడానికి 10. 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యునిక్స్, వరుస ముగిసిందని చెప్పడానికి ఒక్క 10 చాలనుకుంది. సీపీ/ఎం అడుగుజాడల్లో వచ్చిన ఎంఎస్-డాస్ రెండింటినీ ఉంచుకుంది. డాస్ నుంచి ఆ అలవాటు విండోస్‌కు వచ్చింది.

ఇప్పుడు మా అమ్మాయి స్క్రిప్టు చూడండి. మొదటి వరుసలో, దీన్ని బ్యాష్ అనే ప్రోగ్రాముకు అప్పగించమని రాసి ఉంది. నోట్‌ప్యాడ్ ఆ వరుస చివర 13, 10 రెండూ పెట్టింది. లినక్స్ 10 దగ్గర ఆగింది. 13ను మాత్రం ప్రోగ్రాము పేరులో చివరి అక్షరం అనుకుంది. అలాంటి పేరున్న ప్రోగ్రాము ఆ కంప్యూటర్లో ఎక్కడుంటుంది? లేదని చెప్పింది. “లేదు” అన్నది స్క్రిప్టును గురించి కాదు, దాన్ని చదవాల్సిన ప్రోగ్రామును గురించి. ఆ సందేశంలోనే బ్యాష్ పక్కన టోపీ గుర్తు, దాని వెంట ఆంగ్ల ఎం అక్షరం ఉన్నాయి. ఎం ఆంగ్ల అక్షరమాలలో 13వది. కంప్యూటరు తనకు వచ్చిన భాషలో నిజమే చెప్పింది. ఆ రెండు గుర్తులను ఎలా చదవాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

క్యాట్ కమాండుకు హైఫన్, పెద్ద ఏ తగిలించి ఫైలు తెరిస్తే ప్రతి వరుస చివరా ఈ గుర్తు బయటపడుతుంది. డాస్‌టుయునిక్స్ అనే చిన్న ప్రోగ్రాము దాన్ని తుడిచేస్తుంది. ఆ రాత్రి ఫోన్‌లో ఇదంతా అయ్యేసరికి అయిదు నిమిషాలు పట్టింది.

స్క్రిప్టు అసలు నడవకపోతే నయమే, తప్పు ఉందని తెలుస్తుంది. నాకు ఎక్కువ భయం వేసేది తప్పు నోరెత్తనప్పుడు. ఎక్సెల్‌లో ఊళ్ళ పేర్ల పట్టిక ఉందనుకోండి. దాన్ని సీఎస్‌వీగా దాచి, గ్రెప్‌తో “పేట” అని ముగిసే పేర్లు వెతికారు. సిద్దిపేట, సూర్యాపేట, నాయుడుపేట, చిలకలూరిపేట అన్నీ జాబితాలో ఉన్నాయి. ఫలితం సున్నా. ప్రతి పేరు వెనకా 13 ఉండటంతో గ్రెప్ దృష్టిలో ఏ వరుసా “పేట”తో ముగియడం లేదు. పట్టికలో మొదటి పేరు అనకాపల్లి అయితే, “అనకాపల్లి”తో మొదలయ్యే వరుస కావాలన్నా దొరకదు. యూటీఎఫ్-8 సీఎస్‌వీగా దాచేటప్పుడు ఎక్సెల్ ఫైలు మొదట్లో మూడు బైట్ల గుర్తు ఒకటి పెడుతుంది. మనకు కనిపించకపోయినా గ్రెప్‌కు ఆ వరుస దానితోనే మొదలవుతుంది. పింఛన్ల జాబితాలో, విద్యార్థుల జాబితాలో ఇలాంటి వెతుకులాట జరిగితే? “ఎవరూ లేరు” అన్న జవాబును నమ్మే ముందు, ఉన్నారని తెలిసిన ఒక పేరుతో వెతికి చూడటం నేను ఎప్పుడూ మానను.

అక్షరాల దగ్గరికి వస్తే తెలుగువాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా స్థానాలున్నాయి. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటీ మూడు బైట్లు. అందుకే “తెలుగు” అన్న మాటను మనం మూడక్షరాలుగా చదువుతాం, యూనికోడ్ ఆరుగా లెక్కిస్తుంది, బైట్లు మాత్రం పద్దెనిమిది. విండోస్ పాత పవర్‌షెల్ అయిన 5.1లో, ఫోల్డర్‌లోని పేర్ల జాబితాను బాణం గుర్తుతో ఫైల్లోకి మళ్ళిస్తే అది యూటీఎఫ్-16లో రాస్తుంది. పాత నోట్‌ప్యాడ్‌లో “యూనికోడ్” అని దాచినా అంతే. అక్కడ ప్రతి తెలుగు స్థానానికీ రెండు బైట్లు. ఆ ఫైలు యునిక్స్ కమాండుల చేతికి వెళ్ళినప్పుడు జరిగేది విని నేనే మొదట నమ్మలేదు. ఊ అక్షరం స్థానం 0సీ0ఏ. అందులోని 0ఏ అంటే పదే, వరుస ముగింపు గుర్తే! బైట్లను మాత్రమే చూసే కమాండుకు “ఊరు” అన్న మాట మొదట్లోనే వరుస తెగిపోయినట్టు కనిపిస్తుంది. వరుసలు లెక్కపెట్టమంటే ప్రతి ఊకూ ఒకటి అదనంగా వస్తుంది. ఐకాన్వ్ కమాండుతో యూటీఎఫ్-8కు మార్చుకుంటే లెక్క సరిపోతుంది. కొత్త పవర్‌షెల్, అంటే 6 నుంచి పైవి, మామూలుగానే యూటీఎఫ్-8లో రాస్తాయి.

తెర మీద తెలుగు చెడి కనిపిస్తే ఎలా చెడిందో చూడండి. ఖాళీ పెట్టెలు వస్తే ఆ ఫాంటులో తెలుగు లేదు, ఫైలు క్షేమం. నెత్తిన వాలుగీత ఉన్న ఆంగ్ల ఏ అక్షరాలు వరుసగా వస్తే, యూటీఎఫ్-8 బైట్లను ఎవరో పాత పాశ్చాత్య అక్షరాల పట్టికతో, అంటే కోడ్ పేజీతో, చదువుతున్నారు. సరైన పట్టికతో చదివిస్తే తిరిగొస్తాయి. ప్రశ్నార్థకాలు వస్తే జాగ్రత్త పడాలి. విండోస్ మామూలుగా వాడే పాత కోడ్ పేజీల్లో తెలుగుకు చోటు లేదు. ఆ దారిలో వెళ్ళిన తెలుగు అక్షరం ప్రశ్నార్థకంగా మారిపోతుంది. అది ఫైల్లోకి కూడా చేరితే అసలు అక్షరం ఇక రాదు. అలాంటి ఫైలును పాత ఫైలు మీద దాచవద్దు. గిట్‌లో తెలుగు పేరున్న ఫైలు 340, 260, 244 అనే అంకెలుగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అది త అక్షరమే. కోర్ డాట్ కోట్‌పాత్ అనే అమరికను ఫాల్స్ చేస్తే పేరు తెలుగులో కనిపిస్తుంది.

ఇక పేర్ల తికమక. ఒకే పేరున్న ఇద్దరిలో ఎవరు పలికారన్నది రెండో పెద్ద ప్రశ్న. యునిక్స్‌లో ఫైండ్ ఫైళ్ళను వెతుకుతుంది. విండోస్‌లో ఫైండ్ ఫైలు లోపలి మాటను వెతుకుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో యునిక్స్ పద్ధతిలో ఫైండ్ అని కొడితే “పారామీటర్ ఫార్మాట్ నాట్ కరెక్ట్” అని కసురుతుంది. పిలిచింది ఒకరిని, వచ్చింది ఇంకొకరు. సార్ట్‌కూ ఇదే తంటా. పాత్ అనే జాబితాలో ఏ ఫోల్డరు ముందుంటే దానిలోని ప్రోగ్రామే పలుకుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో “వేర్ ఫైండ్” అని, బ్యాష్‌లో “టైప్” పక్కన హైఫన్ ఏ పెట్టి “ఫైండ్” అని అడిగితే, ఆ పేరున్నవాళ్ళందరూ వరుసగా కనిపిస్తారు. యునిక్స్ ఫోల్డరును జాబితాలో అందరికంటే ముందుకు తేవాలని చాలామంది సలహా ఇస్తారు. నాకది నచ్చదు. విండోస్ ఫైండ్‌ను నమ్ముకున్న పాత బ్యాచ్ ఫైళ్ళు అప్పుడు విరిగిపోతాయి. యునిక్స్ పనిని బ్యాష్ కిటికీలోనే చేసుకోవడం మేలు. పవర్‌షెల్ 5.1లో కర్ల్ అన్నది కర్ల్ కాదు, వేరే కమాండుకు పెట్టిన ముద్దుపేరు. డాట్ ఈఎక్స్ఈ తగిలించి పిలిస్తే అసలు కర్ల్ వస్తుంది.

గీతల గొడవకు కూడా చరిత్ర ఉంది. 1983లో ఎంఎస్-డాస్ 2.0 ఫోల్డర్లను తెచ్చేనాటికే ముందువాలు గీత కమాండ్ల ఐచ్ఛికాలకు వాడుకలో ఉంది. అందుకని ఫోల్డర్లకు వెనకవాలు గీత దక్కింది. యునిక్స్ షెల్‌లో మాత్రం వెనకవాలు గీతకు, పక్కనున్న అక్షరాన్ని దాని ప్రత్యేకార్థం తీసేసి మామూలు అక్షరంగా చూడమనే అర్థముంది. అందుకే అతికించిన విండోస్ చిరునామాలో గీతలన్నీ మాయమవుతాయి. చిరునామాను ఒంటి కొటేషన్లలో పెడితే నిలుస్తాయి. గిట్ బ్యాష్ ఇంకో అడుగు ముందుకు వేసి, విండోస్ ప్రోగ్రాములకు ఇచ్చే మాట ముందువాలు గీతతో మొదలైతే దాన్ని తానే విండోస్ చిరునామాగా మార్చేస్తుంది. ఏడీబీ అనే ప్రోగ్రాముతో ఫోన్‌లోకి ఫైలు పంపుతూ “/ఎస్‌డీకార్డ్” అంటే, అది గిట్ ఉన్న ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులోని ఎస్‌డీకార్డ్‌గా మారి, అలాంటిది లేదని జవాబొస్తుంది. గీతను రెండుసార్లు కొడితే ఈ మార్పు ఆగుతుంది. మేలు చేయబోయి చేసే ఈ అనువాదం గురించి తెలియక ఫోన్‌నూ, కేబుల్‌నూ అనుమానించినవాళ్ళను చూశాను.

డబ్ల్యూఎస్ఎల్ 2 నత్తనడక నడుస్తోందంటే ముందు ఫైళ్ళు ఎక్కడున్నాయో చూడండి. సీ డ్రైవులో ఉంటే ప్రతి ఫైలుకూ సరిహద్దు దాటాలి. లినక్స్ వైపున్న హోమ్ ఫోల్డరులోకి తెచ్చుకుంటే తేడా కంటికే తెలుస్తుంది.

మా అమ్మాయి స్క్రిప్టు ఆ రాత్రి నడిచింది. వారం తిరక్కుండా మళ్ళీ ఫోన్. జట్టులోని ఇంకో అబ్బాయి అదే స్క్రిప్టును గిట్‌తో తన విండోస్‌లోకి తెచ్చుకున్నాడు, అదే సందేశం. గిట్ ఫైళ్ళను తెచ్చేటప్పుడు వరుస చివరలను విండోస్ పద్ధతికి మార్చేలా అమరి ఉంది. ఈసారి ఆమెకు టోపీ గుర్తు, ఎం రెండూ కనిపించాయి, నన్ను అడిగింది మందు ఒక్కటే. ప్రాజెక్టులో డాట్ గిట్ఆట్రిబ్యూట్స్ అనే ఫైలు పెట్టి, ఎస్‌హెచ్‌తో ముగిసే ఫైళ్ళన్నిటికీ వరుస చివర ఎల్ఎఫ్, అంటే ఆ 10, మాత్రమే ఉండాలని ఒక్క వరుస రాయమన్నాను. ఆ వరుస ప్రాజెక్టుతోపాటే జట్టులో అందరికీ చేరింది. ఆ తర్వాత చేరిన ఇద్దరు విండోస్ పిల్లలకు ఈ సందేశం రానేలేదు.