ఫోన్‌లో పిల్లలకి ఈ విషయాలు ఎలా చెప్పాలి?

ఎపిసోడ్ వినే టైము లేనివాళ్ల కోసం ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నా.

మనం ఇక్కడ జురాంగ్ వెస్ట్‌లో, పిల్లలు ఊళ్లో. ఎదిగే వయసులో వచ్చే సందేహాలు వాళ్లు మనల్ని అడగరు, యూట్యూబ్‌ని అడుగుతారు. అక్కడ డాక్టరూ మాట్లాడతాడు, మందులు అమ్ముకునేవాడూ మాట్లాడతాడు. అందుకే వీడియో ముందు మనం చివరిదాకా చూసి పంపాలి. చెప్పేది ఎవరు? ఆరోగ్య శాఖా, యూనిసెఫా, చదివిన డాక్టరా? ఆఖర్న మందు అమ్మితే వదిలేయండి.

అమ్మాయికి తెలియాల్సింది: మొదటి రెండు మూడేళ్లు నెలసరి 21 నుంచి 45 రోజులకోసారి వచ్చినా మామూలే. రక్తస్రావం 7 రోజులు దాటినా, మొదలయ్యాక 3 నెలలు ఆగిపోయినా డాక్టరుకి చూపించాలి. అబ్బాయికి: నిద్రలో వీర్యం పోవడం జబ్బు కాదు, మందు అక్కర్లేదు.

ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి, పిల్లలు సిగ్గుపడతారు. విడిగా పంపండి. కూతురికి నేరుగా చెప్పడం ఇబ్బందైతే వాళ్లమ్మకి పంపండి. కింద ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి: “చూడమ్మా, ఏదైనా అడుగు, తిట్టను.” ఊళ్లో రాత్రి 8 అంటే మనకి పదిన్నర, డ్యూటీ దిగాక మాట్లాడొచ్చు.

మనిషితోనే మాట్లాడాలంటే, 2014లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద 10–19 ఏళ్ల వాళ్లకి ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్లినిక్‌లున్నాయి. దగ్గర్లో ఎక్కడుందో ఆశా కార్యకర్తని అడగమనండి. ఫోన్‌లో ఎవరైనా ఫొటోలు అడిగి బెదిరిస్తే 1098కి చేయమనండి, ఫ్రీ.