ముసలి కణాలను ఏరటం

మీ అమ్మగారు బియ్యంలో రాళ్ళు ఏరటం మీరు చూసే ఉంటారు. రాయి వేరు, గింజ వేరు గనక అది సులభమే. కాని జీవకణాలలో ముసలివాటిని ఏరవలసివస్తే? అవి కంటికే కనిపించవు గదా!

అసలు కణాలకు ముసలితనం ఉంటుందని చాలాకాలం శాస్త్రజ్ఞులు నమ్మలేదు. 1912 లో న్యూయార్కులో అలెక్సిస్ కారెల్ అనే ఆయన కోడిపిండం గుండెనుంచి చిన్న ముక్క తీసి, గాజుపాత్రలో పెంచసాగాడు. ఆ కణాలు 34 ఏళ్ళపాటు పెరుగుతూనే ఉన్నాయన్నారు. దేహానికి చావున్నా కణానికి లేదనుకున్నారు.

1961 లో ఫిలడెల్ఫియా నగరంలో లెనర్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ అనేవారు మనిషి కణాలను పెంచి చూశారు. అవి ఒకటి రెండయి, రెండు నాలుగయి, సుమారు 50 సార్లు రెట్టింపయి ఆగిపోయాయి. ఆహారంలో లోపమేమో? అది తేల్చటానికి వారొక యుక్తి పన్నారు. అప్పటికే చాలాసార్లు రెట్టింపయిన మగ కణాలనూ, కొద్దిసార్లే రెట్టింపయిన ఆడ కణాలనూ ఒకే పాత్రలో కలిపి పెంచారు. క్రోమోజోములను బట్టి ఆడ, మగ కణాలను గుర్తించవచ్చు. కొంతకాలానికి చూస్తే మిగిలినవి ఆడ కణాలే! పాత్రా ఒకటే, ఆహారమూ ఒకటే. అంటే వయసు లెక్క కణంలోపలే ఉన్నదన్నమాట. కారెల్ పాత్రలో ఆహారంతోబాటు కొత్త కోడి కణాలు చేరుతూ వచ్చి ఉంటాయని హేఫ్లిక్ అభిప్రాయపడ్డాడు.

మరి ముసలి కణాన్ని గుర్తించటం ఎట్లా? సూక్ష్మదర్శినిలో అది పెద్దదిగా, బల్లపరుపుగా కనిపిస్తుంది. 1995 లో మరొక గుర్తు దొరికింది: ఒక రసాయనం వేస్తే ముసలి కణాలు నీలంగా మారుతాయి. అయితే ఈ పరీక్షలో కణాలు చచ్చిపోతాయి. బతికున్నవాటిని వేరుచెయ్యటానికి మరొక పద్ధతి ఉన్నది. ముసలి కణాలలో ఆకుపచ్చగా మెరిసే రంగు పుట్టించి, అన్ని కణాలనూ సన్నని ధారలో ఒక్కొక్కటిగా లేజరు కాంతి ముందు నడిపిస్తారు. బాగా మెరిసే కణం వచ్చినప్పుడు, అది ఉన్న బొట్టుకు యంత్రం విద్యుత్తు తగిలిస్తుంది. ఆ బొట్టు పక్కకు తిరిగి వేరే గొట్టంలో పడుతుంది.

ఇంత శ్రమ ఎందుకు? ముసలి కణాలు ఊరికే కూర్చోవు. ఇరుగుపొరుగు కణాలకు చెరుపు చేసే పదార్థాలు వదులుతాయి. 2011 లో అమెరికాలో, త్వరగా ముసలివయ్యే ఒకరకం ఎలుకలలో ఇటువంటి కణాలను ఎప్పటికప్పుడు నాశనం చేసి చూశారు. ఆ ఎలుకల కళ్ళకు శుక్లాలు ఆలస్యంగా వచ్చాయి. కండలు త్వరగా క్షీణించలేదు.

అలాగని ముసలి కణాలన్నిటినీ పారెయ్యరాదు. గాయం మానటానికి ఇవి తోడ్పడతాయి. పైగా, చెడిపోయిన కణం పెరగకుండా ఆగిపోవటం మనకు కాన్సరునుంచి రక్షణ. ఏ కణాన్ని ఉంచాలో, దేన్ని తొలగించాలో తెలుసుకోవటానికే ఈ ఏరివేత.