నీరు పల్లమెరుగును; దస్త్రమో?

రాజధానిలో చట్టాలు పుట్టడం చూచే విలేకరి అప్పుడప్పుడు వాటి కాపురం కూడా చూచి రావడం మంచిది. 2024 ఫిబ్రవరి 6వ తేదీన రాజ్యసభ, 8వ తేదీన లోక్‌సభ జల కాలుష్య నివారణ చట్ట సవరణను ఆమోదించినప్పుడు నాకది నాలుగు పేరాల వార్తగానే తోచినది. ఆ వార్తలో నేను రాయక విడిచినదేమిటో ఈ మధ్య పుదుచ్చేరిలో, ఉప్పళం అనే పేటలో, ఒక పునాది గుంట ఒడ్డున నిలబడినప్పుడు గాని బోధపడలేదు.

ఉప్పళం అంటే తమిళంలో ఉప్పుమడి. పేరులోనే ఆ నేల చరిత్ర ఉన్నది. పట్టణానికి దక్షిణాన, సముద్రానికి చేరువలో ఉన్న పల్లపు నేల అది. ఫ్రెంచివారి కాలంలో తెల్లవారి పట్టణాన్ని నల్లవారి పట్టణం నుంచి విడదీసిన పెద్ద కాలువ సముద్రాన్ని చేరేది కూడా ఈ దక్షిణపు దిక్కుననే. ఇక్కడ ఇల్లు కట్టదలచినవాడు గడ్డపార దింపగానే ముందుగా పలకరించేది ఊట నీరు.

నేను చూచిన గుంటలోనూ అదే జరిగినది. పని చేయిస్తున్న మేస్త్రి యానాం మనిషి. తెలుగు మాట చెవిని పడగానే కుర్చీ తెప్పించి, తన గోడు విప్పినాడు.

"ఏవండీ, ఢిల్లీలో ఉంటారు గదా, ఒక్క మాట చెప్పండి. ఈ నీళ్ళు నేనెక్కడ పారబోయాలండి? వీధిలోకి వదిలితే పక్కవాళ్ళు ఊరుకోరు. మ్యాన్‌హోల్ మూతెత్తి వదిలితే తప్పంటారు. దరఖాస్తు పెట్టుకోమన్నారు. పెట్టుకుందామంటే, అందులో అడిగినవి చూస్తే నేను ఇల్లు కడుతున్నానో, గోదావరికి ఆనకట్ట కడుతున్నానో తెలియడం లేదండి!"

ఆ కాగితం నేనూ చూచినాను. రోజుకు ఎన్ని లీటర్లు, ఎన్ని దినాలు, ఏయే గంటలలో, ఏ చోట మురుగు గొట్టంలోనికి, ఆ నీటిలో ఏమున్నది—ఇవీ ప్రశ్నలు. మొదటి నాలుగింటికి మేస్త్రి తనకు తోచిన జవాబులు రాసి, అయిదవదాన్ని ఖాళీగా విడిచిపెట్టినాడు. "నీళ్ళలో నీళ్ళు గాక ఇంకేముంటాయండి?" అన్నాడు. ఇద్దరమూ నవ్వుకొన్నాము.

ఆ సాయంకాలం ఈ ముచ్చట చెప్పగా నవ్వని వారొకరు తటస్థపడినారు. మురుగునీటి పనులలో ఉద్యోగ జీవితమంతా గడిపి విశ్రాంతి తీసుకొంటున్న ఇంజనీరు ఆయన. "ఆ అయిదవ ప్రశ్నకే ఆ కాగితం పుట్టినది" అన్నారు.

ఆయన చెప్పినదాని సారాంశమిది. మురుగు గొట్టాన్ని ఇళ్ళలో వాడి విడిచే నీటిని లెక్కకట్టి వేస్తారు. రాత్రింబవళ్ళు నడిచే పంపు నీరు అందులో చొరబడితే గొట్టం నిండిపోయి, పల్లంలో ఉన్న ఇంటివాని స్నానాల గదిలో మురుగు ఎదురు తన్నుతుంది. నీటితోబాటు వచ్చిన ఇసుక, వాలు తక్కువైన గొట్టంలో అడుగున పేరుకొంటుంది. ఇక సముద్రపు ఉప్పు కలిసిన నీరైతే మరొక ప్రమాదమున్నది. ఆ నీటిలో సల్ఫేటు ఎక్కువ. గాలి సోకని మురుగులో ఉండే సూక్ష్మజీవులు దానిని హైడ్రోజన్ సల్ఫైడు అనే విషవాయువుగా మారుస్తవి. అది కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది; మోతాదు పెరిగిన కొద్దీ వాసన పట్టే శక్తినే చంపుతుంది. అంటే ప్రమాదం ముదిరిన క్షణాననే హెచ్చరిక ఆగిపోతుంది.

ఇది పాఠ్యపుస్తకంలోని భయం కాదని పుదుచ్చేరి ప్రజలకు తెలుసు. 2024 జూన్ 11వ తేదీన, ఇదే పట్టణంలోని రెడ్డియార్‌పాళయంలో, భూగర్భ మురుగు గొట్టం నుంచి మరుగుదొడ్డి ద్వారా ఇంటిలోనికి వచ్చిన విషవాయువు పీల్చి ముగ్గురు మరణించినారు. వారిలో ఒకరు పదిహేనేళ్ళ బాలిక. ఉప్పళంలోని పంపు నీటికీ, ఆ దుర్ఘటనకూ నేను ముడిపెట్టడం లేదు. గొట్టంలోనికి ఏది పోతున్నది, గొట్టం నుంచి ఏది తిరిగి వస్తున్నది అని అడిగే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం ముడిపెట్టక తప్పదు.

ఎవరిది? చట్టాన్ని అడిగితే మూడు వైపులకు చేయి చూపుతుంది. పుదుచ్చేరిలో మురుగు గొట్టాలు ప్రజాపనుల శాఖలోని ప్రజారోగ్య విభాగానివి. వీధి అంచు కాలువల శుభ్రత పురపాలక సంఘానిది. పరిశ్రమల వ్యర్థజలమైతే కాలుష్య నియంత్రణ కమిటీ సమ్మతి కావాలి. ఆ కమిటీ అధికారమైనా ఢిల్లీలోని కేంద్ర మండలి అప్పగించినదే. కేంద్రపాలిత ప్రాంతాలకు 1974 నాటి చట్టం విడిగా రాష్ట్ర మండలిని ఈయలేదు.

పోనీ, ఈ మూడింటినీ కలిపి నిలదీయవలసిన పురపాలక సభ్యుల మాటేమిటి? పుదుచ్చేరిలో 1968లో పురపాలక ఎన్నికలు జరిగినవి. మళ్ళీ జరిగినది 2006లో, అనగా 38 ఏళ్ళకు. ఎన్నికైనవారి పదవీకాలం 2011లో ముగిసినది. ఆ తరువాత దశాబ్దం దాటినా ప్రజలు ఓటు వేసి పంపిన కౌన్సిలరు ఒక్కడూ లేడు. నగర పాలనకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించిన 74వ సవరణను 1992లో ఆమోదించిన పార్లమెంటు ఛాయలోనే, నేరుగా కేంద్రం కనుసన్నలలో ఉన్న ప్రాంతంలో, ఇది జరిగినది. మురుగు పొంగిన నాడు సామాన్యుడు పోయి తలుపు తట్టడానికి కౌన్సిలరు ఇల్లంటూ ఒకటి ఉండాలి గదా!

ఇప్పుడు 2024 సవరణకు వద్దాము. నీరు రాష్ట్రాల జాబితాలోని విషయం గనుక, ఇటువంటి చట్టం రాష్ట్రాలలో అమలు కావాలంటే శాసనసభల తీర్మానం ఉండాలి. అందువల్ల సవరణ తొలుత వర్తించినది తీర్మానం చేసిన హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్‌లకు, ఏ తీర్మానమూ అక్కరలేని కేంద్రపాలిత ప్రాంతాలకు. పుదుచ్చేరికి శాసనసభ ఉన్నది. కాని ఈ విషయంలో దానిని అడగవలసిన పని ఢిల్లీకి లేదు. మన మేస్త్రి సొంత ఊరైన యానాంలో గౌతమి ఒడ్డున ఈ సవరణ దానంతట అదే వచ్చి కూర్చున్నది. వంతెన దాటి ఎదుర్లంకలో అడుగుపెట్టాలంటే అదే సవరణకు ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం కావాలి. ఒకే నది, రెండు ఒడ్లు, రెండు న్యాయాలు.

ఆ సవరణలో ఏమున్నది? విషపదార్థాన్ని నీటిలోనికి విడిచినవానికి పూర్వం ఏడాదిన్నర నుంచి ఆరేళ్ళ దాకా జైలు ఉండేది. ఇప్పుడు దాని స్థానంలో 10,000 రూపాయల నుంచి 15 లక్షల వరకు ద్రవ్య దండన వచ్చినది. ఆ సొమ్ము కట్టకపోతేనే జైలు మాట. సమ్మతి పత్రం లేకుండా పరిశ్రమను నడిపినవానికి మాత్రం ఆరేళ్ళ దాకా జైలు అలాగే ఉన్నది. అయితే కొన్ని తరగతుల పరిశ్రమలకు ఆ పత్రమే అక్కరలేదని మినహాయించే అధికారం కేంద్రం చేతికి వచ్చినది. చిన్న పొరపాట్లకు వ్యాపారులను జైలుకు పంపరాదన్న వాదంలో న్యాయం లేకపోలేదు. కాని విషం వదలడం జరిమానాతో పోయే తప్పు, కాగితం లేకపోవడం చెరసాలకు తగిన నేరం అన్న తూకం మాత్రం నాకు మింగుడు పడలేదు.

మరొక నిబంధన పాతదే. సమ్మతి కోరుతూ అన్ని విధాల పూర్తిగా నింపి ఇచ్చిన దరఖాస్తుపై నాలుగు నెలలలో కాలుష్య నియంత్రణ అధికారులు ఏదీ తేల్చకపోతే, షరతులు లేని సమ్మతి ఇచ్చినట్లే భావించాలి. మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలన్నారు. ఈ చట్టం దానిని పూర్ణాంగీకారం చేసినది. దరఖాస్తుదారుని ఏళ్ళ తరబడి తిప్పరాదన్న సదుద్దేశమే కావచ్చు. కాని ఎవరూ చదవని కాగితం కూడా నాలుగు నెలలు బీరువాలో నిద్రపోయి అనుమతిగా లేవవచ్చునన్న మాట! ఆ నిద్ర ఖరీదు చెల్లించేది గుమాస్తా కాదు. గొట్టం పూడుకుపోయిన నాడు లోపలికి దిగే మనిషి. యంత్రసామగ్రి, రక్షణ లేకుండా మనిషిని మురుగులోనికి దింపరాదని 2013లో చట్టం వచ్చినది. అయినా చావులు ఆగక, అటువంటి మరణానికి పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచవలసి వచ్చినది.

ఊరు విడిచే ముందు మరల ఉప్పళం వెళ్ళినాను. ఇంజనీరుగారి మాటలు మేస్త్రికి చెప్పినాను. ఆయన ఈసారి నవ్వలేదు. గుంటలో నీరు చేతితో తీసి నాలుకకు తాకించి, ఉమ్మివేసి, జేబులోని కాగితం విప్పి అయిదవ ప్రశ్న ఎదుట "ఇసుక, ఉప్పు" అని రాసినాడు. ఇసుక దిగడానికి ముందుగా ఒక తొట్టి కట్టిస్తానన్నాడు. ఉప్పు సంగతి మాత్రం తన చేతిలో లేదన్నాడు.

"నా వంతు రాసేశానండి. చదివేవాళ్ళున్నారంటారా?" అని అడిగినాడు.

ఢిల్లీ రైలెక్కే వరకు నాకు ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. నీరు పల్లమెరుగును. ఆ పల్లంలో ఎవరి ఇల్లున్నదో దస్త్రానికి తెలియాలంటే, ఆ ఇంటివాని ఓటుతో గెలిచినవాడొకడు దస్త్రం ప్రక్కన కూర్చొని ఉండాలి.