యుద్ధకాలపు వర్తక ప్రతినిధి ఉత్తరాలు: మార్టినీక్‌లో విలియం బింగ్‌హామ్ (1776–1780)

వ్యాస సంగ్రహం: అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో ఫ్రెంచి వలస ద్వీపమైన మార్టినీక్‌లో కాంటినెంటల్ కాంగ్రెస్ ప్రతినిధిగా పనిచేసిన విలియం బింగ్‌హామ్ ఉత్తర ప్రత్యుత్తరాల స్వరూపాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. నౌకారవాణా, యుద్ధంలో పట్టుబడిన ఓడల విక్రయం, ఆయుధ సామగ్రి సేకరణ అనే మూడు అంశాలు ఈ ఉత్తరాలలో ఎలా పెనవేసుకున్నాయో, ప్రజాధనానికీ సొంత వ్యాపారానికీ మధ్య గీత ఎందుకు చెరిగిపోయిందో, అందుకు ప్రతినిధి చెల్లించిన మూల్యమేమిటో ఇందులో చర్చించబడింది.

కీలకపదాలు: వర్తక ప్రతినిధి, ప్రైవేటీర్, యుద్ధ పట్టుబడి, హుండీ, సూరేకారం, మార్టినీక్.

1. ఉపోద్ఘాతం

యుద్ధచరిత్రను సాధారణంగా సేనానుల వ్యూహాల నుంచి, సంధిపత్రాల నుంచి అధ్యయనం చేస్తాం. అయితే సైన్యానికి తుపాకిమందు ఎక్కడి నుంచి వచ్చింది, దానికి సొమ్ము ఎవరు చెల్లించారు, సరకు మోసిన ఓడ పట్టుబడితే నష్టం ఎవరి ఖాతాలో పడింది అనే ప్రశ్నలకు సమాధానాలు వర్తకుల ఉత్తరాలలో దొరుకుతాయి. ధరలు, రేవులు, హుండీలు, నౌకల రాకపోకల వివరాలతో నిండిన ఈ ఉత్తరాలు పైకి నిస్సారంగా కనిపిస్తాయి. కాని ఒక రాజ్యం తనకంటూ ఖజానా, నౌకాబలం, దౌత్య వ్యవస్థ ఏర్పరచుకోకముందే యుద్ధాన్ని ఎలా నడిపిందో తెలుసుకోవడానికి ఇంతకు మించిన ఆధారాలు అరుదు.

విలియం బింగ్‌హామ్ 1752లో ఫిలడెల్ఫియాలో జన్మించాడు. కాంగ్రెస్ విదేశీ వ్యవహారాల కోసం 1775 నవంబరులో ఏర్పరచిన రహస్య ఉత్తర ప్రత్యుత్తరాల సంఘానికి కార్యదర్శిగా పనిచేశాడు. ఆ సంఘం 1776 జూన్ 3వ తేదీన, అంటే స్వాతంత్ర్య ప్రకటనకు నెలరోజుల ముందు, ఆయనకు మార్టినీక్ ప్రయాణానికి ఆదేశాలు ఇచ్చింది. అప్పటికి ఆయన వయసు 24 సంవత్సరాలు. ఇంకా పుట్టని దేశానికి ప్రతినిధిగా, పైకి మాత్రం సొంత వ్యాపారానికి వచ్చిన వర్తకుడిగా ఆయన బయలుదేరాడు. ఈ రెండు వేషాలలో ఏది నిజమైనదన్న ప్రశ్న ఆయనను జీవితాంతం వెంటాడింది.

2. మార్టినీక్‌కు ప్రాధాన్యం ఎందుకు?

తుపాకిమందు తయారీలో ప్రధాన ముడిసరకు సూరేకారం. ఆనాటి ప్రపంచంలో దానికి అతి పెద్ద ఆకరం బీహారు. ప్లాసీ యుద్ధం తరువాత ఆ వ్యాపారంపై ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యం సాధించింది. అందువల్ల బ్రిటన్‌పై తిరగబడిన వలసలకు సూరేకారం బ్రిటిష్ మార్గాన దొరికే అవకాశం లేదు. యుద్ధం మొదటి రెండున్నర సంవత్సరాలలో అమెరికన్లు వాడిన తుపాకిమందులో 90 శాతానికి పైగా దిగుమతి అయినదే, లేదా దిగుమతి చేసుకున్న సూరేకారంతో తయారైనదేనని చరిత్రకారులు లెక్కగట్టారు.

ఫ్రాన్స్ 1778 ఫిబ్రవరి వరకు అధికారికంగా తటస్థ దేశం. అయినా బ్రిటన్ బలహీనపడాలన్నదే దాని కోరిక. 1776లో బోమార్షే అనే నాటకకర్త నడిపిన రోడెరిగ్ హోర్టలేజ్ అనే వర్తక సంస్థ పేరుతో ఫ్రాన్స్, స్పెయిన్ రాజ్యాలు రహస్యంగా సొమ్ము సమకూర్చాయి. ఐరోపా నుంచి నేరుగా అమెరికా తీరానికి వచ్చే ఓడ బ్రిటిష్ గస్తీకి చిక్కే ప్రమాదం ఎక్కువ. అదే ఫ్రెంచి జెండాతో ఫ్రెంచి ద్వీపానికి వెళితే ఆపడానికి కారణం చూపడం కష్టం. అక్కడ సరకును చిన్న ఓడలకు మార్చి, అదను చూసి ఉత్తరానికి పంపవచ్చు. ఈ మార్పిడికి అనువైన రేవు మార్టినీక్‌లోని సెయింట్ పియర్. డచ్చివారి సెయింట్ యుస్టేషియస్ కూడా ఇదే పాత్ర పోషించింది.

బింగ్‌హామ్ ప్రయాణించిన ‘రిప్రైజల్’ నౌకకు లాంబర్ట్ విక్స్ కెప్టెన్. దారిలోనే అది బ్రిటిష్ వర్తక నౌకలను పట్టుకున్నది. 1776 జులై 27న సెయింట్ పియర్ ఎదుట ‘షార్క్’ అనే బ్రిటిష్ యుద్ధనౌకతో తలపడింది. ప్రతినిధిని పడవలో ఒడ్డుకు చేర్చారు. తీరంలోని ఫ్రెంచి ఫిరంగులు పేలడంతో ‘షార్క్’ వెనుదిరిగింది. తటస్థ రాజ్యపు ఫిరంగి ఏ పక్షాన పేలిందో ద్వీపంలోని వర్తకులందరూ చూశారు. కాగితం మీద రాయలేని అనుగ్రహం ఆ రోజు బహిరంగంగా వెల్లడైంది.

3. ఉత్తరాల స్వరూపం

సముద్రం మీద నడిచే ఉత్తరానికి భద్రత లేదు. అందువల్ల ఒకే ఉత్తరాన్ని రెండు మూడు ప్రతులుగా రాసి, వేర్వేరు ఓడలలో పంపడం వర్తకుల ఆచారం. శత్రువుకు చిక్కే పరిస్థితి వస్తే నీటిలో మునిగేలా రహస్య పత్రాల సంచికి బరువు కట్టి ఉంచేవారు. జవాబు రావడానికి నెలలు పట్టేది, ఒక్కొక్కసారి అసలు వచ్చేదే కాదు. కాబట్టి ప్రతినిధి తీసుకొన్న నిర్ణయాలలో అధికభాగం ఆదేశాలు అందకముందే తీసుకొన్నవి. ఈ పరిస్థితిలో రాసిన ఉత్తరాలలో సమాచారంతో పాటు సంజాయిషీ కూడా ఉంటుంది. తాను చేసిన పనిని రేపు ఎవరైనా ప్రశ్నిస్తే చూపడానికి ప్రతినిధి ముందుగానే సాక్ష్యం సిద్ధం చేసుకొంటాడు.

బింగ్‌హామ్‌కు యజమానులు కూడా ఒక్కరు కారు. రాజకీయ సమాచారం ఒక సంఘానికి పంపాలి. ఆయుధాల కొనుగోలు విషయాలు మరో సంఘానికి నివేదించాలి. ఈ రెండింటిలోనూ సభ్యుడైన రాబర్ట్ మోరిస్ ఫిలడెల్ఫియాలో పేరుమోసిన వర్తకుడు. ఆయన సంస్థతో బింగ్‌హామ్‌కు సొంత భాగస్వామ్యం ఉంది. ఒకే మనిషికి ఒకనాడు ప్రభుత్వ ప్రతినిధిగా, మరొకనాడు వ్యాపార భాగస్వామిగా ఉత్తరాలు వెళ్లాయి. ఆనాటి దృష్టిలో ఇది దాచవలసిన దోషం కాదు. జీతం ఇవ్వలేని కాంగ్రెస్‌కు, సొంత పరపతి గల వర్తకుడు తప్ప వేరే గతి లేదు.

ఈ పరపతే అసలు సమస్య అయింది. పొగాకు, నీలిమందు వంటి సరకులు పంపి ఆయుధాల ఖరీదు తీర్చుతామని కాంగ్రెస్ భావించింది. ఆ సరకుల ఓడలు ఎన్నో బ్రిటిష్ వారి చేతికి చిక్కాయి. ద్వీపంలోని ఫ్రెంచి వర్తకులు మాత్రం బాకీ అడుగుతూనే ఉన్నారు. బింగ్‌హామ్ సొంత పూచీ మీద అప్పు తెచ్చి సరకు పంపాడు. తరువాత పారిస్‌లోని అమెరికన్ కమిషనర్లపై హుండీలు రాసుకునేందుకు ఆయనకు అనుమతి లభించింది. అయితే వారి దగ్గర కూడా డబ్బు కొరతే. హుండీ తిరిగి వస్తే పోయేది రాసినవాని మాట. దానితోపాటు కాంగ్రెస్ మాట కూడా పోయేది.

4. పట్టుబడి ఓడలు: లాభం, న్యాయం

వర్తకులు సాయుధ నౌకలు నడిపి శత్రువుల ఓడలను పట్టుకోవడానికి కాంగ్రెస్ 1776 మార్చి 23న అనుమతించింది. ఇటువంటి నౌకకు ప్రైవేటీర్ అని పేరు. అనుమతి పత్రం ఉన్నంతవరకు అది చట్టసమ్మతమైన యుద్ధం, లేకుంటే సముద్రదోపిడి. పట్టుకున్న ఓడను న్యాయస్థానం విచారించి, అది శత్రువుల ఆస్తేనని తేల్చిన తరువాతనే విక్రయించాలి. కాంగ్రెస్ సొంత నౌకల విషయంలో 1775 నవంబరు నాటి నియమం పట్టుకున్నవారికి మూడోవంతు ఇవ్వగా, 1776 అక్టోబరులో వర్తక నౌకలకు దానిని సగానికి పెంచారు. ప్రైవేటీర్లకు రాబడి అంతా యజమానులకు, నావికులకు చెందుతుంది. నావికులు ఎటు మొగ్గుతారో ఊహించడం కష్టం కాదు.

మార్టినీక్‌లో ఈ నియమం చిక్కుల్లో పడింది. శత్రువుల ప్రైవేటీర్లు తెచ్చిన ఓడలను తమ రేవులలో అమ్మనివ్వబోమని 1713 నాటి యూట్రెక్ట్ ఒప్పందంలో ఫ్రాన్స్, బ్రిటన్‌లు పరస్పరం అంగీకరించాయి. అయినా బింగ్‌హామ్ ప్రైవేటీర్లకు అనుమతి పత్రాలు అందజేశాడు, వారు తెచ్చిన సరకు అమ్మకాలకు తోడ్పడ్డాడు. బ్రిటిష్ అడ్మిరల్ జేమ్స్ యంగ్ ఫ్రెంచి గవర్నరుకు ఫిర్యాదులు పంపాడు. ఇంతకూ ఈ విషయంలో ప్రతినిధి లక్ష్యం ధనార్జన ఒక్కటే కాదు. తటస్థ రేవులో అమెరికన్ల అమ్మకం జరిగిన ప్రతిసారీ బ్రిటన్, ఫ్రాన్స్‌ల నడుమ వైరం పెరుగుతుంది. ఆ వైరం ముదిరి యుద్ధమైతే అమెరికాకు మిత్రరాజ్యం దొరుకుతుంది.

రాబర్ట్ మోరిస్ వైఖరిలో వచ్చిన మార్పు గమనించదగినది. బ్రిటన్‌లో పాత వ్యాపార మిత్రులున్నందున ప్రైవేటీర్లలో పెట్టుబడి పెట్టనని ఆయన మొదట బింగ్‌హామ్‌కు రాశాడు. తన ఓడలు వరుసగా పట్టుబడిన తరువాత మనసు మార్చుకొని, ‘రిటాలియేషన్’ అనే నౌకలో భాగస్వామి అయ్యాడు. ఆ పేరుకు ప్రతీకారం అని అర్థం. కొద్ది నెలల తేడాతో రాసిన ఉత్తరాలు పక్కపక్కన పెట్టి చదివితేనే ఈ మార్పు తెలుస్తుంది.

ఈ ఉత్తరాలలో, లెక్కలలో మాట లేని మనుషులు కూడా ఉన్నారు. అమెరికన్ ప్రైవేటీర్లు పట్టుకున్న ఓడలలో ఆఫ్రికా నుంచి బానిసలను తెస్తున్న బ్రిటిష్ ఓడలు కూడా ఉన్నాయి. అందులోని మనుషులకు విముక్తి లభించలేదు. చక్కెర పీపాలు, పత్తి బేళ్ల వలెనే వారిని మార్టినీక్‌లో అమ్మారు. స్వేచ్ఛ కోసం జరిగిన యుద్ధానికి తుపాకిమందు కొన్న సొమ్ము ఏ వ్యవస్థ నుంచి వచ్చిందన్న ప్రశ్నను పరిశోధకుడు దాటవేయడానికి వీలులేదు.

5. ‘హోప్’ ఓడ వివాదం

బెవర్లీ రేవుకు చెందిన కాబట్ కుటుంబం, వారి భాగస్వాములు నడిపిన ‘పిల్‌గ్రిమ్’ అనే ప్రైవేటీర్ ‘హోప్’ అనే ఓడను పట్టుకొని మార్టినీక్‌కు పంపింది. అది డెన్మార్క్‌కు చెందినదని, అంటే తటస్థ దేశపు ఆస్తి అని ఆక్షేపణ వచ్చింది. అప్పటి గవర్నరు మార్క్విస్ ద బుయే సరకును అమ్మించి, వివాదం తేలేవరకు ఆ సొమ్మును బింగ్‌హామ్ వద్ద ఉంచాడు. ప్రైవేటీర్ యజమానులు మాత్రం బింగ్‌హామ్‌పైనే మసాచుసెట్స్‌లో దావా వేసి, అక్కడి ఆయన ఆస్తిని జప్తు చేయించారు. ఆయన ప్రజాసేవకుడిగా వ్యవహరించినందున ఆ బాధ్యత తనదేనని కాంగ్రెస్ ప్రకటించింది. అయినా వ్యాజ్యం ఆగలేదు.

ఈ వివాదం ‘బింగ్‌హామ్ వర్సెస్ కాబట్’ పేరుతో 1795లోను, 1798లోను అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. పట్టుబడి ఓడ తగాదాను నౌకా న్యాయస్థానం విచారించాలా, సాధారణ న్యాయస్థానం విచారించవచ్చా అన్నది మొదటిసారి చర్చకు వచ్చింది. రెండవసారి, ఉభయపక్షాలు ఏ రాష్ట్రపు పౌరులో దావా పత్రంలో సరిగా పేర్కొనకపోవడమే నిర్ణాయకమైంది. మార్టినీక్ రేవులో జరిగిన ఒక అమ్మకం దాదాపు రెండు దశాబ్దాలపాటు ప్రతినిధి మెడకు చుట్టుకుంది. ఆయన ఆ సొమ్మును ప్రభుత్వ ప్రతినిధిగా ఉంచుకున్నాడా, వర్తకుడిగా ఉంచుకున్నాడా అన్నదే వ్యాజ్యపు సారాంశం. ఉత్తరాలలో కలగలసి ఉన్న రెండు హోదాలను న్యాయస్థానం విడదీయవలసి వచ్చింది.

బింగ్‌హామ్ 1780లో స్వదేశం చేరాడు. అప్పులతో మొదలైన ద్వీపవాసం ఆయనను సంపన్నుడిగా తిప్పి పంపింది. తరువాత బ్యాంక్ ఆఫ్ నార్త్ అమెరికా డైరెక్టర్లలో ఒకడయ్యాడు. 1795 నుంచి 1801 వరకు సెనేటరుగా పనిచేశాడు. 1804లో ఇంగ్లండులో మరణించాడు.

6. పరిశోధకులకు ఉపకరించే సూచనలు

ఇటువంటి ఉత్తరాలను చదివేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. మొదటిది, రాసిన తేదీతో పాటు అందిన తేదీని కూడా నమోదు చేయాలి. ఆ రెండింటి నడుమ ఉన్న వ్యవధిలోనే ప్రతినిధి స్వతంత్ర నిర్ణయం ఉంటుంది. రెండవది, ఉత్తరాన్ని ఖాతాతో సరిపోల్చాలి. ఉత్తరంలో దేశసేవగా కనిపించేది ఖాతాలో కమీషనుగా కనిపించవచ్చు. మూడవది, ఉత్తరం ఎలా మిగిలిందో అడగాలి. గమ్యం చేరని ఉత్తరాలు కూడా చరిత్రకు మిగిలాయి. బ్రిటిష్ వారు పట్టుకున్న ఓడలలో చిక్కిన సుమారు 1,60,000 ఉత్తరాలు నేటికీ లండన్‌లోని క్యూ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. నాల్గవది, ఎవరి మాట వినబడటం లేదో గుర్తించాలి.

ఇది మన తీరానికి దూరపు విషయం కాదు. 1778లో ఫ్రాన్స్ యుద్ధంలోకి దిగగానే పుదుచ్చేరి, యానాం బ్రిటిష్ వారి వశమయ్యాయి. 1781 ఫిబ్రవరిలో అడ్మిరల్ రాడ్నీ సెయింట్ యుస్టేషియస్‌ను కొల్లగొట్టాడు. అదే సంవత్సరం కంపెనీ సేనలు భీమునిపట్నం, జగన్నాథపురం, పాలకొల్లులలోని డచ్చి కొఠీలను ఆక్రమించాయి. ఒకే యుద్ధం రెండు సముద్రాలలోని వర్తకుల ఖాతాలను తారుమారు చేసింది. మన రేవులలో దుబాసీలు, గుమాస్తాలు కూడా కంపెనీ పనిని, సొంత వ్యాపారాన్ని ఒకే చేత్తో నడిపినవారే. చెన్నైలోని అభిలేఖాగారంలో ఉన్న మచిలీపట్నం కొఠీ రికార్డులను పై ప్రశ్నలతో చదివితే ఫలితం ఉంటుంది.

7. ముగింపు

బింగ్‌హామ్‌ను నిస్వార్థ దేశభక్తుడని పొగడటం, యుద్ధంతో ధనవంతుడైన స్వార్థపరుడని నిందించడం రెండూ సులభమే. ఆయన ఉత్తరాలు మాత్రం ఈ రెండు తీర్పులకూ లొంగవు. సొంత పరపతిని ఫణంగా పెట్టే వర్తకుడు లేకపోతే కాంగ్రెస్‌కు ఆయుధాలు అందేవి కావు. లాభాపేక్ష లేకపోతే ఆ వర్తకుడు అంత అపాయానికి సిద్ధపడేవాడూ కాడు. సంస్థలు లేని చోట రాజ్యం వ్యక్తుల పరపతి మీద నడుస్తుంది. ఆ తరువాత ప్రజాధనం ఎంత, సొంత ధనం ఎంత అని లెక్క తేల్చడానికి న్యాయస్థానాలకు ఏళ్లు పడుతుంది.